వెనక్కి అన్న మీట

ఎల్ ఆల్టోలో గాలి పల్చన.
పాత లాప్‌టాప్‌లో ఫ్యాను కూడా ఆయాసపడుతుంది.
కోర్టు గోడ వారన, నీలం టార్పాలిన్ కింద
ప్రిమితీవా చోకె అర్జీలు టైపు చేస్తుంది.
పేజీకి మూడు బొలీవియానోలు,
ఏడుస్తూ చెప్పేవాళ్ళకి రెండు.

గురువారం సంతలో, కారు అద్దాలకీ దుప్పట్ల గుట్టలకీ మధ్య
దొరికిందా యంత్రం. బ్యాటరీ చచ్చింది,
'ఞ' పలికే మీట ఊడిపోయింది.
లోపలున్న విండోస్ నిద్రలేచేసరికి పొద్దెక్కేది,
లేచాక లైసెన్సేదని అడిగేది
తనిఖీకొచ్చిన పోలీసులా.

మేనల్లుడు ఎల్యాసర్ ఓ రాత్రి పెన్‌డ్రైవ్‌తో వచ్చి
అంతా తుడిచేసి లినక్స్ వేశాడు.
"ఎంత?" అంది.
"ఏమీ లేదు."
"ఇప్పుడు ఏమీ లేదు. తర్వాత ఎంత?"
ఊరికే వచ్చినదాన్ని తిరగేసి చూడటం ఆమె అలవాటు,
అడుగున చిల్లుందేమోనని.

చిల్లులున్నాయి.
మూత మూస్తే నిద్రపోతుంది, ఇక లేవదు.
ప్రింటరు తొమ్మిది రోజులు మొండికేసి
పదో రోజు, ఎవరూ ఏమీ చెయ్యకుండానే,
మిగిలిపోయిన అర్జీలన్నీ వరసగా కక్కేసింది.
అందులో ఒకటి తమ్ముడి మీద అన్న ఫిర్యాదు.
ఈలోగా వాళ్ళిద్దరూ రాజీపడి
పక్క బండి దగ్గర వేడివేడి మొక్కజొన్న జావ తాగుతున్నారు.

నల్ల కిటికీ అంటే మాత్రం ఆమెకి భయం లేదు.
ఎల్యాసర్ కాగితం మీద రాసిచ్చిన నాలుగు వరసలూ
కోర్టు భాషలాగే ఉన్నాయి:
ఒక్క చుక్క తప్పితే తిప్పి పంపేస్తారు,
ఎందుకో చెప్పరు. కాదు, ఇది చెబుతుంది,
అర్థం కాకుండా.

మెనూల్లో మాటలు ఐమారాలో పెడుతున్నారని విని
తనూ కొన్ని తీసుకుంది, రాత్రుళ్ళు, దుప్పటి కప్పుకుని.
'భద్రపరచు' తేలిక,
మంచుకి ఎండబెట్టిన దుంపల్ని దాచే మాటే సరిపోయింది.
'చెత్తబుట్ట' కోసం మొగుడితో అరగంట వాదన.
'వెనక్కి' దగ్గర ఆగిపోయింది.

వాళ్ళ భాషలో కంటికీ గతానికీ ఒకటే మాట, నయ్‌రా.
జరిగింది కళ్ళెదుట ఉంటుంది, చూశాం కనక.
రాబోయేది వీపు మీద, మూటలో పిల్లాడిలా,
బరువు తెలుస్తుంది, మొహం తెలీదు.
మరి చూసొచ్చిన పేజీకి పోయే బాణాన్ని
వెనక్కి అని ఎలా అనడం?

మన 'ముందు' మాత్రం తక్కువదా,
ముందు జరిగిందీ అదే,
ముందు ముందు జరగబోయేదీ అదే,
రెండు వైపులా తల ఊపుతుంది.

దుంపలమ్మే ఎస్కొలాస్తికాని అడిగింది.
ముసలామె తెర వైపు కాక వీధి వైపు చూసి
చెయ్యి ఎదురుగా చాపింది.
"నిన్న అక్కడుంది. ఆ మాత్రం కనబడట్లేదా?"

అలాగే రాసి పంపింది.
ఎవరో, ఏ దేశమో, తారుమారైనట్టుంది సరిచూడమన్నారు.
ప్రిమితీవా హైకోర్టుకి రాసినంత పద్ధతిగా
పదకొండు వాక్యాల జవాబిచ్చింది,
కింద పూర్తి పేరు, గుర్తింపు కార్డు నంబరుతో సహా.
వారం చప్పుడు లేదు.
తర్వాత మాట పక్కన ఒక ఆకుపచ్చ టిక్కు.

ఆరు నెలలకి అప్‌డేట్ వచ్చింది,
సరిగ్గా గిరాకీ వేళ,
రెండొందల నలభై ముక్కలు, ఒక్కోటీ దిగుతూ.
బల్ల మీద ఓ పెద్దాయన, పొలం గట్టు తగాదా,
టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
మళ్ళీ తెరుచుకున్నాక
ఎడమ బాణం కింద, చీమల్లాంటి అక్షరాల్లో,
తన మాట.

ఎవరికీ చెప్పలేదు. నొక్కింది.
పెద్దాయన పోయినేడు ఇచ్చిన అర్జీ
ఎదురుగా వచ్చి నిలబడింది.
"ఇదే కదా?"
"ఇదే. గట్టు మాత్రం మళ్ళీ జరిగింది."

ఆమె టైపు మొదలుపెట్టింది.
వాన చినుకులు పడుతున్నాయని
ఆయన సాయంగా మూత వెయ్యబోతే
చెయ్యి మీద ఒక్కటేసింది.